కామారెడ్డి నుంచి కౌన్సిల్ దాకా: షబ్బీర్ అలీ రాజకీయ ప్రయాణం ఏం చెబుతోంది?

2023 డిసెంబర్ 3న తెలంగాణలో ఓట్ల లెక్కింపు జరిగింది. 119 స్థానాల్లో 64 గెలిచి కాంగ్రెస్ మొదటిసారి ఈ రాష్ట్రంలో అధికారంలోకి వచ్చింది. గాంధీ భవన్ దగ్గర టపాసులు పేలాయి. అదే రోజు నిజామాబాద్ అర్బన్‌లో ఆ పార్టీ సీనియర్ నాయకుడు, మాజీ మంత్రి మహమ్మద్ అలీ షబ్బీర్ బీజేపీ అభ్యర్థి ధన్‌పాల్ సూర్యనారాయణ గుప్తా చేతిలో పదిహేను వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. పార్టీ గెలిచింది, ఆయన ఓడారు.

ఒక నాయకుడు ఓడిపోవడం పెద్ద విషయం కాదు, రాజకీయాల్లో మామూలే. కానీ ఆ రోజు తేలిన ఇంకో లెక్క ఉంది. కొత్త అసెంబ్లీలోకి ఏడుగురు ముస్లిం ఎమ్మెల్యేలు వచ్చారు. ఏడుగురూ మజ్లిస్ వాళ్లే, అందరూ హైదరాబాద్ నగరం వాళ్లే. అధికార పార్టీలో ఒక్కరు లేరు. జిల్లాల నుంచి ఒక్కరు లేరు. అంతకుముందు రెండు ఎన్నికల్లో బోధన్ నుంచి బీఆర్‌ఎస్ టికెట్‌పై గెలిచిన షకీల్ ఆమిర్ కూడా ఈసారి ఓడిపోయారు. దాంతో ఆదిలాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా, ఖమ్మం నుంచి జహీరాబాద్ దాకా, పాతబస్తీ బయట ఉన్న లక్షలాది ముస్లిం కుటుంబాలకు తమలోంచి గెలిచిన ఎమ్మెల్యే లేకుండా పోయారు.

షబ్బీర్ అలీ జీవితాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. ముస్లింల చదువుకు, ఉద్యోగాలకు 4 శాతం కోటా వచ్చిన రోజుల్లో ఆ శాఖ మంత్రి ఆయనే. జిల్లాల్లో చాలా ఇళ్లలో ఆ కోటా పేరు తీస్తే ముందు వైఎస్ పేరు, వెంటనే షబ్బీర్ అలీ పేరు వినిపిస్తాయి. అయితే ఆయన నిలబడ్డ ఎన్నికల మైదానంలో ముస్లింకు ఏ కోటా లేదు. అసెంబ్లీలో రిజర్వుడు సీట్లు ఎస్సీ, ఎస్టీలకే. మిగతా అందరూ జనరల్ సీటులో అందరి ఓట్లు అడిగి గెలవాల్సిందే.

కామారెడ్డి అలాంటి సీటే. ఇప్పుడంటే జిల్లా కేంద్రం అయింది గానీ, 2016 అక్టోబర్ దాకా అది నిజామాబాద్ జిల్లాలో ఒక పట్టణం. చుట్టూ మొక్కజొన్న, వరి, చెరకు పండించే పల్లెలు, బీడీలు చుట్టే ఇళ్లు, దుబాయి, సౌదీ పోయిన కొడుకుల కోసం ఎదురుచూసే ఇళ్లు. ఆ ఎదురుచూపుల్లో హిందూ ముస్లిం తేడా లేదు. పట్టణంలో ముస్లింలు గణనీయంగానే ఉన్నా నియోజకవర్గం మొత్తం మీద వాళ్ల ఓట్లతో మాత్రమే ఎవరూ గెలవలేరు. పల్లెల్లో ముదిరాజ్, మున్నూరు కాపు, రెడ్డి, దళిత ఇళ్లు, తండాల్లో లంబాడా ఇళ్లు అన్నీ తిరగాలి.

1989లో కాంగ్రెస్ గాలి వీచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం పోయి మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఎన్నికలో షబ్బీర్ అలీ కామారెడ్డి నుంచి గెలిచారు. ముప్పై దాటిన కొత్త. ఆ ఐదేళ్ల కాలంలోనే మంత్రి కూడా అయ్యారు. జిల్లా నుంచి వచ్చిన ఒక ముస్లిం యువకుడు హైదరాబాద్ సచివాలయంలో మంత్రి కుర్చీలో కూర్చోవడం ఆనాడు చిన్న విషయం కాదు. ముస్లిం రాజకీయం అంటే దారుస్సలాం అనే లెక్కకు బయట ఇంకో దారి ఉందని అది చూపించింది.

గాలి ఎటు వీస్తే సీటు అటు పోతుంది. 1994లో టీడీపీ ప్రభంజనంలో కామారెడ్డి గంప గోవర్ధన్‌కు దక్కింది. 1999లో గెలిచింది టీడీపీకే చెందిన యూసుఫ్ అలీ. ఈ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగాలి. 1989, 1999, 2004. ఈ మూడుసార్లు కామారెడ్డి ముస్లిం అభ్యర్థిని గెలిపించింది. రెండు వేర్వేరు పార్టీల టికెట్ల మీద గెలిపించింది. అంటే ఆ రోజుల్లో అక్కడి హిందూ ఓటరు అభ్యర్థి పేరు చూసి వెనక్కి పోలేదు. పార్టీ బలంగా ఉంటే, కార్యకర్త ఊళ్లో తిరిగితే, పేరు ఏదైనా ఓటు పడింది. ‘జిల్లాల్లో ముస్లిం గెలవడు’ అని ఇప్పుడు టికెట్లు పంచేవాళ్లు తేలిగ్గా అనేమాటకు కామారెడ్డి చరిత్రే జవాబు.

2004లో కాంగ్రెస్ తిరిగి వచ్చింది, షబ్బీర్ అలీ తిరిగి గెలిచారు. వైఎస్ రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో విద్యుత్, మైనారిటీ సంక్షేమం వంటి శాఖలు చూశారు. రైతుకు ఉచిత కరెంటు ఇచ్చిన ప్రభుత్వంలో విద్యుత్ శాఖ అంటే మాటలు కాదు. అయినా ఆయన పేరు నిలిచింది మాత్రం రెండో శాఖ వల్లే.

ఆ కథ ఇప్పటి పిల్లలకు తెలియదు. నాలుగు శాతం ఏదో ఒక్క సంతకంతో వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. మూడుసార్లు ప్రయత్నిస్తే వచ్చింది. అసలు ఆలోచన అంతకంటే పాతది. 1994లోనే కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం ముస్లింలను వెనుకబడిన తరగతుల్లో చేర్చే విషయాన్ని పుట్టుస్వామి కమిషన్‌కు అప్పగించింది. తర్వాత ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, ఫైలు పక్కకు పోయింది.

2004 జులైలో వైఎస్ ప్రభుత్వం 5 శాతం ఇస్తూ జీవో తెచ్చింది. బీసీ కమిషన్‌ను సరిగ్గా సంప్రదించకుండా ఎలా ఇస్తారని హైకోర్టు ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే కొట్టేసింది. 2005లో బీసీ కమిషన్ నివేదిక తీసుకుని ఆర్డినెన్స్, దాని వెనుక చట్టం తెచ్చారు. నవంబర్‌లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం అదీ చెల్లదంది. ముస్లింలందరినీ ఒకే ముద్దగా వెనుకబడినవాళ్లని అనలేరన్నది ఒక అభ్యంతరం. అప్పటికే బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6 కలిపి 46 శాతం ఉంది. దాని మీద 5 వేస్తే 51 అవుతుంది, సుప్రీంకోర్టు గీసిన 50 గీత దాటుతుంది. ఇది ఇంకో అభ్యంతరం.

మూడోసారి జాగ్రత్త పడ్డారు. వెనుకబడిన వర్గాల విషయంలో దేశమంతా పేరున్న రిటైర్డ్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్‌ను సలహాదారుగా పెట్టుకున్నారు. ఆయన ముస్లింలలో ఎవరెవరు ఏ పని చేసుకుని బతుకుతున్నారో విడివిడిగా చూశారు. అత్తరు సాయిబులు, అచ్చుకట్లవాండ్లు, ఫకీర్లు, గారడీ చేసేవాళ్లు, హజ్జాం, ఖురేషీ, సిద్ది, షేక్ ఇలా వర్గాల జాబితా తయారైంది. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బొహ్రా, ఖోజా, కచ్చీ మెమన్ లాంటి వాళ్లను బయట పెట్టారు. దూదేకుల, మెహతర్ అప్పటికే బీసీ జాబితాలోని వేరే గ్రూపుల్లో ఉన్నారు. కోటా 4 శాతానికి తగ్గింది. 46కు 4 కలిపితే సరిగ్గా 50. అలా 2007లో బీసీ-ఈ పుట్టింది.

ఇందులో ఎవరి వాటా ఎంత అని తూకం వేయడం కష్టం. ముఖ్యమంత్రి మొండిగా నిలబడకపోతే రెండు ఓటముల తర్వాత ఫైలు మూతపడేది. కృష్ణన్ నివేదిక లేకపోతే మూడోసారీ వెంటనే కూలేది. శాఖ మంత్రిగా షబ్బీర్ అలీ దాన్ని పట్టుకుని తిరగకపోతే ఆ ఇద్దరి మధ్య పని ఇంత వేగంగా జరిగేది కాదు. ‘నేనే తెచ్చాను’ అని ఏ ఒక్కరన్నా అది పూర్తి నిజం కాదు, పూర్తి అబద్ధమూ కాదు. ఒకటి మాత్రం ఖాయం. అదే కాలంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో కలిసి ఈ 4 శాతం ఒక తరం ముస్లిం పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, ఇంజనీరింగ్, మెడికల్, బీఈడీ కాలేజీల గడప తొక్కించింది. మెకానిక్ కొడుకు, దర్జీ కూతురు కౌన్సెలింగ్ లైన్‌లో నిలబడ్డారు.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 5-2 మెజారిటీతో ఆ చట్టాన్నీ కొట్టేసింది. సర్వే శాస్త్రీయంగా జరగలేదంది. నెలన్నర తిరక్కుండానే, మార్చిలో, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి కోటాను కాపాడింది, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. 2022 సెప్టెంబర్‌లో ఆ కేసు ఈడబ్ల్యూఎస్ కేసుతో పాటు విచారణ జాబితాలోకి వచ్చింది. ఈడబ్ల్యూఎస్ తీర్పు నవంబర్‌లో వచ్చేసింది. ఇది మాత్రం అలాగే ఉండిపోయింది.

కోటా నిలిచింది గానీ దాన్ని తెచ్చిన మంత్రి నిలవలేదు. 2009లో కాంగ్రెస్ రాష్ట్రంలో మళ్లీ గెలిచినా కామారెడ్డిలో షబ్బీర్ అలీ గంప గోవర్ధన్ చేతిలో ఓడారు. మరుసటి ఏడాది పక్కనే ఉన్న ఎల్లారెడ్డి ఉప ఎన్నికలో నిలబడితే తెలంగాణ సెంటిమెంటు హోరులో టీఆర్‌ఎస్ అభ్యర్థి ఏనుగు రవీందర్‌రెడ్డి గెలిచారు. గంప గోవర్ధన్ కూడా టీడీపీ వదిలి టీఆర్‌ఎస్‌లోకి వెళ్లి 2012 ఉప ఎన్నికలో సీటు నిలబెట్టుకున్నారు. 2014లో, 2018లో మళ్లీ అదే జోడీ, మళ్లీ అదే ఫలితం. 2018లో తేడా ఐదు వేల ఓట్ల లోపే. ఒక మండలం అటు తిరిగితే చరిత్ర వేరుగా ఉండేది.

ఈ ఓటములను మతం కోణంలోనే చూస్తే పొరపాటు. తెలంగాణ ఉద్యమం ఉత్తర తెలంగాణలో కాంగ్రెస్‌ను ఊడ్చేసింది, రెడ్లు, వెలమలు, బీసీలు అన్న తేడా లేకుండా ఆ పార్టీ నాయకులు చాలామంది ఓడారు. నిజామాబాద్ అర్బన్‌లో పీసీసీ అధ్యక్షుడిగా ఉన్న డి. శ్రీనివాసే 2009లో, 2010లో రెండుసార్లు బీజేపీకి చెందిన యెండల లక్ష్మీనారాయణ చేతిలో ఓడిపోయారు. కామారెడ్డిలో గంప గోవర్ధన్ జనంలో ఉండే మనిషన్న పేరూ ఉంది. కాకపోతే సీనియర్ ముస్లిం నాయకుడు ఓడినప్పుడు పార్టీ తీసుకునే పాఠం వేరుగా ఉంటుంది. డి. శ్రీనివాస్ ఓడితే ‘ఆయన ఓడాడు’ అంటారు. షబ్బీర్ అలీ ఓడితే ‘ముస్లింకు ఇస్తే సీటు పోతుంది’ అంటారు.

అందుకే ఓడిన ప్రతిసారీ ఆయనకు తెరిచిన తలుపు కౌన్సిల్. 2013లో ఎమ్మెల్సీ అయ్యారు. 2015లో తెలంగాణ మండలిలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆ పాత్రలో ఆయన గట్టిగానే మాట్లాడారు. అధికారంలోకి వచ్చిన నాలుగు నెలల్లో ముస్లింలకు 12 శాతం ఇస్తామన్న కేసీఆర్ మాటను సభలో, బయట గుర్తుచేస్తూనే ఉన్నారు. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ బిల్లు తెచ్చింది. ముస్లింలకు 4 నుంచి 12, ఎస్టీలకు 6 నుంచి 10. మొత్తం 62 శాతం. ఢిల్లీకి పోయింది, అక్కడే ఆగింది. 2018 డిసెంబర్‌లో మండలిలో కాంగ్రెస్ ఎమ్మెల్సీలు టీఆర్‌ఎస్‌లో కలిసిపోయి, చివరికి పార్టీకి ఇద్దరే మిగిలారు. వారిలో ఒకరు షబ్బీర్ అలీ. ప్రతిపక్ష హోదా పోయింది. పార్టీ మాత్రం ఆయన మారలేదు. ఫిరాయింపుల కాలంలో ఈ విషయం చెప్పుకోదగ్గదే.

ఇక 2023. కేసీఆర్ గజ్వేల్‌తో పాటు కామారెడ్డి నుంచీ పోటీ చేస్తానన్నారు. గంప గోవర్ధన్ తప్పుకున్నారు. కేసీఆర్ మీద రేవంత్‌రెడ్డి దిగారు. షబ్బీర్ అలీ కూడా తప్పుకుని నిజామాబాద్ అర్బన్‌కు వెళ్లారు. దశాబ్దాలుగా ఆ సీటు కోసం కొట్లాడిన ఇద్దరూ తమ నాయకుల కోసం పక్కకు జరిగితే, బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి ఇద్దరు పెద్దల్నీ ఓడించారు. కేసీఆర్ రెండో స్థానం, రేవంత్ మూడో స్థానం. రాష్ట్రమంతా ఆ సంచలనం గురించే మాట్లాడుకుంది. ఈ కదలికలో ఒక ముస్లిం నాయకుడు ముప్పై ఏళ్లకు పైగా తిరిగిన ఊరు వదిలి, నామినేషన్ల వేళ కొత్త నియోజకవర్గానికి వెళ్లాల్సి వచ్చిందన్న సంగతి వెనక్కి పోయింది.

నిజామాబాద్ అర్బన్ ముస్లిం ఓటు బలంగా ఉన్న సీటే. కానీ అక్కడ ఓటు రెండు వైపులా మతం మీదే కూడుతుంది. ఒకవైపు ముస్లిం అభ్యర్థి నిలబడితే రెండో వైపు ప్రచారానికి అదే సరుకు అవుతుంది. ఈ వైపు ఓటు మాత్రం ఒక్కచోట పడదు. మజ్లిస్ అక్కడ పోటీ చేయలేదు, జిల్లాల్లో బీఆర్‌ఎస్‌కు ఓటేయమని చెప్పింది. బీఆర్‌ఎస్ అభ్యర్థి బిగాల గణేశ్ గుప్తాకు దాదాపు 45 వేల ఓట్లు వచ్చాయి. వాటిలో ముస్లిం ఓట్లెన్నో ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. కానీ గెలుపోటముల తేడా పదిహేను వేలు.

ఓడిన తర్వాత 2024 జనవరిలో ఆయన్ను ప్రభుత్వ సలహాదారుగా నియమించారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమం చూడాలి, కేబినెట్ హోదా. గౌరవమైన పదవే, పని చేసుకునే వీలూ ఉంది. కానీ సలహాదారు అసెంబ్లీలో లేచి ప్రశ్న అడగలేరు, జవాబు చెప్పే బాధ్యతా లేదు. కాంగ్రెస్ మైనారిటీ డిక్లరేషన్‌లో ఏటా 4 వేల కోట్ల బడ్జెట్ అన్నారు. 2025-26 బడ్జెట్‌లో కేటాయించింది 3,591 కోట్లు. ఈ తేడా గురించి సభలో అధికార పక్షం లోపలి నుంచి అడిగే ముస్లిం ఎమ్మెల్యే లేరు. కేటాయించిన దానిలో ఎంత విడుదలైందని అడగడం మరో సంగతి.

ఇది షబ్బీర్ అలీ ఒక్కరి కథ కాదు. బీఆర్‌ఎస్ హయాంలో 2014లో ఉప ముఖ్యమంత్రి, 2018 తర్వాత హోంమంత్రి అయిన మహమూద్ అలీ ఎమ్మెల్సీగానే ఆ పదవులు చేశారు. రేవంత్‌రెడ్డి ప్రభుత్వంలో దాదాపు రెండేళ్లు ముస్లిం మంత్రే లేరు. 2025 అక్టోబర్ 31న మాజీ క్రికెటర్ అజారుద్దీన్ ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు, గవర్నర్ కోటా ఎమ్మెల్సీకి ప్రభుత్వం సిఫారసు చేసి ఉంది. అంటే తెలంగాణ వచ్చాక ముస్లిం మంత్రి అంటే కౌన్సిల్ దారే అన్నది రెండు పార్టీల అలవాటుగా మారింది.

‘పదవి వచ్చింది కదా, ఏ దారిన వస్తే ఏంటి’ అని అడిగేవాళ్లున్నారు. తేడా ఉంది. నామినేట్ అయిన మనిషి పదవి ఇచ్చిన నాయకుడికి జవాబుదారీ. గెలిచిన ఎమ్మెల్యే ఓటరుకు జవాబుదారీ, మళ్లీ ఐదేళ్లకు వాళ్ల గడపే ఎక్కాలి. కలెక్టర్ దగ్గర సమీక్షలో కూర్చునేది, ఖబరస్తాన్ ప్రహరీ నుంచి గురుకులం బిల్డింగు దాకా ఫోన్ చేసి కదిలించేది ఎమ్మెల్యేనే. అంతకంటే ముఖ్యం, జనరల్ సీటులో ముస్లిం అభ్యర్థి గెలవాలంటే ముదిరాజ్ ఇంట్లో చాయ్ తాగాలి, తండాలో రాత్రి పడుకోవాలి, రైతుల ధర్నాలో కూర్చోవాలి. 1989లో, 2004లో షబ్బీర్ అలీ చేసింది అదే. ఆ తిరుగుడు ఆగిపోతే రెండు వైపుల వాళ్లూ ఒకరికొకరు టీవీలోనే కనిపిస్తారు.

పక్క రాష్ట్రం వైపు చూస్తే పరిస్థితి వేరుగా ఉంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ నుంచి ముగ్గురు ముస్లింలు గెలిచారు. నంద్యాలలో ఎన్.ఎం.డి. ఫరూక్, గుంటూరు తూర్పులో నసీర్ అహ్మద్, మదనపల్లెలో షాజహాన్ బాషా. ఫరూక్ ఎమ్మెల్యేగా గెలిచే మంత్రి అయ్యారు. టీడీపీ ఆ ఎన్నికల్లో బీజేపీతో పొత్తులో ఉంది, ఆ విషయమై ముస్లింల్లో అనుమానాలూ ఉన్నాయి, అది వేరే చర్చ. కడపలో ఉప ముఖ్యమంత్రిగా చేసిన అంజాద్ బాషా వైసీపీ గాలి పోవడంతో ఓడిపోయారు. గెలుపైనా ఓటమైనా అక్కడ పార్టీలు ముస్లింలకు గెలిచే సీట్లు ఇస్తూనే ఉన్నాయి. మదనపల్లె, నంద్యాల పాతబస్తీలు కావు.

షబ్బీర్ అలీ మీద విమర్శ కూడా ఉంది, దాన్ని దాటేయకూడదు. ఇన్నేళ్ల సీనియారిటీలో జిల్లాల్లో తన తర్వాత గెలవగల ఇంకో ముస్లిం నాయకుణ్ని కాంగ్రెస్ తయారు చేసుకోలేదు, ఆయనా చేయలేదు. సర్పంచ్, ఎంపీటీసీ, కౌన్సిలర్ స్థాయిలో చదువుకున్న కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది బీసీ-ఈ కోటాలో చదివినవాళ్లే. నాయకుడి వెనుక ఫ్లెక్సీల్లో ఫొటోలు వేసుకోవడం దగ్గరే వాళ్లు ఆగిపోయారు.

ఈలోగా 4 శాతం మీద దాడి పెరిగింది. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా, తాము వస్తే ముస్లిం రిజర్వేషన్ తీసేస్తామని ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన కులగణన లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు 12.56 శాతం, అందులో బీసీ ముస్లింలే 10.08 శాతం. బీసీలకు 42 శాతం బిల్లు వచ్చినప్పుడు బీజేపీ మొదట పట్టుకున్నది ఆ 10 శాతాన్నే. 2010లో హైకోర్టు అడిగింది శాస్త్రీయమైన సర్వే. ఇప్పుడు ఇంటింటి లెక్క చేతిలో ఉంది. దాన్ని సుప్రీంకోర్టు ముందు రాష్ట్రం ఎంత గట్టిగా పెడుతుందో చూసుకోవాల్సింది ఈ శాఖలు చూస్తున్న సలహాదారే.

ఇవాళ కామారెడ్డి ఎమ్మెల్యే బీజేపీ, నిజామాబాద్ అర్బన్ ఎమ్మెల్యే బీజేపీ. ఇంటర్ పాసైన పిల్లలు ఈ ఏడు కూడా మీసేవలో సర్టిఫికెట్ తీసుకుని, కౌన్సెలింగ్ ఫారంలో బీసీ-ఈ అని నింపుతున్నారు. ఆ మూడక్షరాలు ఇప్పటికీ 2010 మార్చి నాటి మధ్యంతర ఉత్తర్వు మీదే నిలబడి ఉన్నాయి.